మూసిన గదిలో కుంపటి

రఘుపతి చాప కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు. ఎండకు పెట్టిన బొగ్గు ముద్దలన్నీ దొర్లుకుంటూ వెళ్ళి గుంతలో పడ్డాయి. రెండో చాప దగ్గరికి నడిచాడు. దాన్నీ లాగాడు.

గౌరవ్వ గుమ్మంలో నిలబడి చూస్తోంది. అడ్డం పోలేదు. మోచేతుల దాకా మసి, వేళ్ళ సందుల్లో ఎండిపోయిన గంజి. పొద్దుటి నుంచి పిసికి, ముద్దలు చేసి, వరుసలు పేర్చిన చేతులు అవి.

మూడో చాప కూడా ఖాళీ అయ్యాక, "ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగింది.

అతను పార అందుకుని గుంత మీద మట్టి పోయడం మొదలుపెట్టాడు. తమ్ముడు భూమేశ్ తన కంపెనీ క్యాంపు గదిలో స్పృహ తప్పి దవఖానాలో పడ్డ రోజు నుంచి రఘుపతి ఆమెతో మాట్లాడటం మానేశాడు. పెడితే తింటున్నాడు, పెట్టకపోతే తోటలోకి వెళ్ళిపోతున్నాడు. ఖర్జూరపు చెట్ల మధ్య రెండు గదుల ఇల్లు అది. అందులో ఒక మనిషి మాట మానేస్తే ఇల్లంతా మూగదైపోతుంది.

"మట్టి పోస్తే మాటలు ఆగుతయా?" అంది గౌరవ్వ. "మంది అనుకునేటిది అనుకుంటనే ఉంటరు."

పార ఆగింది. అతను వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"శుక్రారం క్యాంపుకు పోవాలె. ఫోర్‌మన్ గులాం నబీ అందరి ముందట నిన్ను అడుగుతడట. ఒక్క మాట చెప్పు. ముద్దలల్ల ఏదో తప్పు కలిసింది, తెలువక జరిగింది అని చెప్పు. చాలు."

"ఏం కలిసింది?"

"ఏదో ఒకటి. గంజి పాసిపోయిందను. బంకమట్టి మంచిది కాదను."

"గంజి పాసిపోతే మనుషులకు సోయి దప్పుతదా?"

"నాతోని వాదం పెట్టుకోకు గౌరీ."

పార మట్టిలో గుచ్చి, అప్పుడు ఆమె వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కంపెనీ రూలు సంగతి ఆమెకు వివరంగా చెప్పాడు. గదిలో నిప్పు పెట్టకూడదు. పెట్టినవాడు ఎవడని తేలితే వాడిని ఇంటికి పంపించేస్తారు. కుంపటి గదిలోకి తెచ్చింది భూమేశ్. ఆ సంగతి ఆ గదిలో పడుకున్న నలుగురికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. తప్పు ముద్దలది అయితే భూమేశ్ బాధితుడు. తప్పు కుంపటిది అయితే భూమేశ్ దోషి.

"అక్కడ వాని పెండ్లాం సునీతకు నెలలు నిండినయ్. ఇల్లు గోడల కాడ ఆగి ఉన్నది. గిసొంటి టైంల వాడు వాపసు పోతే ఎట్ల?"

"నేను వానికి చెప్పిన గద. సంచి చేతికిచ్చినప్పుడే చెప్పిన. ఆకిట్ల రాజేసుకోండ్రి, అర్రలకు మాత్రం తీస్కపోకుండ్రి అని. నువ్వు పక్కనే ఉన్నవ్."

రఘుపతి చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"యాదికున్నదా, లేదా?"

"ఉన్నది."

"మరి?"

"మరేంది?" అన్నాడు నెమ్మదిగా. "వాడు నా తమ్ముడు."

 భూమేశ్ ఆమెకు మరిది మాత్రమే కాదు. పెళ్ళై అత్తింట అడుగుపెట్టినప్పుడు వాడు లాగు వేసుకుని బడికి వెళ్ళే పిల్లవాడు. వాడి జ్వరాలు, వాడి అలకలు, వాడి చింపిన చొక్కాలు అన్నీ ఆమె చేతుల మీదుగానే పోయాయి.

కువైట్ యుద్ధం అయిపోయిన మరుసటి చలికాలం అది. ఒమాన్‌లోని బహ్లా ఊరికి కాస్త ఎడంగా, నాసర్ అనే ఒమానీ ఆసామి తోటలో మొగుడు చెట్ల పని, పెళ్ళాం ముసలమ్మ చాకిరీ చూసుకుంటూ బతుకుతున్నారు. ముసలమ్మ నాసర్ తల్లి రయ్యా. ఆమె దగ్గు వల్లే అసలు ఈ ముద్దల పని మొదలైంది.

ఏటా చలికాలంలో రఘుపతి ఖర్జూరపు చెట్ల ఎండు మట్టలు కొట్టి, తోట మూల కుప్ప వేసి కాల్చేసేవాడు. ఆ పొగ రెండు మూడు రోజులు తోటను వదిలేది కాదు. రయ్యా దగ్గి దగ్గి నీలంగా అయిపోయేది. మరో పక్క, ఊరి ఆడవాళ్ళు వంటచెరకు కోసం వాగు వెంట దూరం దూరం వెళ్ళి వస్తున్నారు. వాగులో తుమ్మల్లాంటి ముళ్ళచెట్లు పలచబడిపోయాయి. పచ్చి చెట్టు మీద గొడ్డలి పెట్టొద్దని ఊరి పెద్దలు గట్టిగా చెప్పారు.

ఇక్కడ మట్టలు ఊరికే తగలబడుతున్నాయి, అక్కడ పొయ్యిలోకి పుల్ల లేదు. గౌరవ్వకు మెట్‌పల్లి దగ్గరి తన తల్లిగారి ఊళ్ళో మేనమామ కమ్మరి కొలిమి కోసం గుంతలో కట్టె కాల్చి, మట్టి కప్పి బొగ్గు చేసేవాడని గుర్తొచ్చింది. కట్టెతో అయ్యేది మట్టలతో ఎందుకు కాదనుకుంది. మొదటిసారి అంతా బూడిదైంది. తర్వాత సగం పచ్చిగా మిగిలింది. గాలి ఎంత ఆడాలో, మట్టి ఎప్పుడు కప్పాలో చేతికి తెలిసే సరికి చాలా మట్టలే పోయాయి. బొగ్గు దంచి పొడి చేసి, అన్నం వార్చిన గంజి, కుమ్మరుల దగ్గర తెచ్చిన బంకమట్టి కాస్త కలిపి, పిడకలు చేసినట్టే ముద్దలు చేసి ఎండబెట్టింది. పొగ రాలేదు. రయ్యా కాఫీ గిన్నె దాని మీద మరిగింది. ఆ తర్వాత పక్క ఇంటి ముజ్నా అడిగింది. ఆమె చెల్లెలు అడిగింది. చివరికి క్యాంపు మెస్సు దాకా వెళ్ళాయి.

ఇప్పుడు అవన్నీ గుంతలో ఉన్నాయి.

పార చప్పుడు విని రయ్యా కర్ర ఊతంగా వచ్చింది. గుంతనూ, రఘుపతినీ, గౌరవ్వనూ మార్చి మార్చి చూసింది. ఏం పూడుస్తున్నాడని అడిగింది. గౌరవ్వకు వచ్చిన కాస్త అరబ్బీ కూడా ఆ నిమిషంలో నోటికి రాలేదు.

ముసలమ్మ గుంత అంచున మెల్లగా చతికిలబడి, కర్ర పక్కన పెట్టి, మట్టిలో చెయ్యి పెట్టింది. ఒక ముద్ద తీసి, ఊది, కొంగులో వేసుకుంది. ఇంకొకటి తీసింది. యజమాని తల్లిని రెక్క పట్టుకుని లేపడానికి రఘుపతికి ధైర్యం లేదు. పార భుజాన వేసుకుని కాలువ వైపు వెళ్ళిపోయాడు.

గౌరవ్వ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. పొద్దున ముజ్నా తన ఇంట్లో ఉన్న ముద్దలన్నీ బుట్టతో సహా తిప్పి పంపిందని రయ్యా చెప్పింది. ఊళ్ళో మాట పాకింది. ఇండియా ఆడమనిషి ముద్దల్లో విషం ఉందట. మళ్ళీ ఆడవాళ్ళు వాగుకు పోతున్నారట.

"నా ఇంట్లో రోజూ ఇవే మండుతున్నాయి," అంది రయ్యా. "నేను చచ్చానా?"

"నీ పొయ్యి వాకిట్లో ఉంది, ఉమ్మీ," అంది గౌరవ్వ, తల్లిని పిలిచే వాళ్ళ మాటతో.

ముసలమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "అయితే ఆ సంగతి నీకు తెలుసు," అంది.  ఇద్దరూ మట్టిలోంచి ముద్దలు ఏరుతూ కూర్చున్నారు.

*

మర్నాడు గౌరవ్వ జొన్న గటక, పెరుగు టిఫిన్‌లో పెట్టుకుని దవఖానాకు వెళ్ళింది.

భూమేశ్ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కుకు పెట్టిన గాలి గొట్టం తీసేశారు. మనిషి సగమయ్యాడు. వదినెను చూడగానే లేవబోయాడు, తల తిరిగి మళ్ళీ వాలిపోయాడు.

ఆమె టిఫిన్ విప్పి చేతికిచ్చింది. తలనొప్పి తగ్గిందా అని అడిగింది. తగ్గిందన్నాడు. అన్నం అరుగుతోందా అని అడిగింది. అరుగుతోందన్నాడు.  పక్క మంచం మీది ముసలాయన జపమాల తిప్పుకుంటున్నాడు. ఆ పూసల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"వదినె," అన్నాడు చివరికి, గిన్నెలోకి చూస్తూ. "రేపు అన్న చెప్పుమన్నట్టు చెప్తవా?"

"నువ్వేం చెప్పినవ్ ఆళ్ళకు?"

"నాకేం యాదికి లేదని చెప్పిన."

"యాదికి లేదా?"

అతను స్పూను గిన్నెలో పెట్టేశాడు.  తర్వాత గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. ఆ రోజు చలికి కాళ్ళు కొంకర్లు పోయాయట. కిటికీకి అట్టముక్క తానే కొట్టాడట. తలుపు కింద గోనెసంచి తానే కుక్కాడట. మిగిలినవాళ్ళు వెచ్చగా ఉందని మెచ్చుకున్నారట. వదినె వద్దన్న మాట గుర్తొచ్చింది. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాడు.

"సునీతకు ఫోన్ చేసి ఏమని చెప్పాలె?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిండు కడుపుతోని కూసున్నది."

గౌరవ్వ కొంగుతో అతని మూతి తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టే. చెప్తానని అనలేదు, చెప్పనని అనలేదు. ఖాళీ టిఫిన్ సర్దుకుని బయటికి వచ్చింది.

దారి పొడవునా అదే ఆలోచన. ఒక్క మాటే కదా. తప్పు నాదని ఒప్పుకుంటే పోయేదేముంది? నలుగురు నాలుగు రోజులు తిడతారు. ముద్దల పని ఆగిపోతుంది. ఆగితే ఆగనీ. ఇక్కడికి తాను బొగ్గు చేయడానికి రాలేదు, బతకడానికి వచ్చింది. రయ్యాకు ఏదో ఒకటి నచ్చజెప్పుకోవచ్చు. ఇంటికి చేరేసరికి ఆమె మనసు ఒక దారికి వచ్చేసింది.

రఘుపతికి గంజి పోస్తూ, "నువ్వు చెప్పుమన్నట్టే చెప్త తియ్యి," అంది.

అతను తల ఎత్తి చూశాడు. ఆ చూపులో సంతోషం కనిపిస్తుందేమోనని ఆమె ఎదురు చూసింది. కనిపించలేదు. గిన్నె కిందపెట్టి, "నువ్వు తిన్నవా?" అని మాత్రం అడిగాడు.

*

క్యాంపు అంటే సిమెంటు ఇటుకల గదుల వరుస. ఎదుట రేకుల షెడ్డు, అది మెస్సు. శుక్రవారం నమాజు అయ్యాక డ్యూటీ లేని మనుషులంతా షెడ్డు ముందు చేరారు. భూమేశ్‌ను దవఖానా నుంచి తీసుకొచ్చి, సున్నం డబ్బా బోర్లించి దాని మీద కూర్చోబెట్టారు. భుజాల మీద దుప్పటి కప్పారు.

గౌరవ్వను చూసి వంటమనిషి ఇస్రాయేలు ఎదురొచ్చాడు. ఒంగోలు వైపు మనిషి. ఎన్నో వారాలుగా షెడ్డు కింద ఆ ముద్దల మీదే కూరలు వండుతున్నాడు. తనకు తుమ్ము కూడా రాలేదనీ, ఆ మాట చెప్పబోతే అందరూ నోరు మూయించారనీ గుసగుసగా చెప్పాడు.

"మీరు మాత్రం భయపడకండక్కా," అన్నాడు.

భయం లేదంది. గులాం నబీ ఇంకా రాలేదు. ఆమె ఊరికే నిలబడలేక, ఆ గది ఒకసారి చూస్తానంది. ఇస్రాయేలు వెంట నడిచింది.

భూమేశ్ గదిలో కిటికీ అట్ట ఎవరో పీకేశారు. మేకుల గుర్తులు మిగిలాయి. కుంపటి లేదు. చూడటానికి ఏమీ లేదు. వెనక్కి తిరిగి వస్తుంటే పక్క గది తలుపు కొంచెం తెరిచి ఉంది. లోపలి నుంచి వచ్చిన వాసనకు గౌరవ్వ ఆగింది.

తలుపు తోసింది. లోపల పట్టపగలే చీకటి. కిటికీకి అట్ట, అట్ట అంచుల వెంట టేపు. మంచం కింద ఇనుప బొచ్చె. అందులో తెల్లటి బూడిద.

మంచం మీద కూర్చుని ఉన్న ఒకాయన లేచి నిలబడ్డాడు. తమ వైపు ఏదో ఊళ్ళో ఎవరి కొడుకో, మంచి మర్యాదస్తుడు.

"ఇది ఎప్పటిది?" అని అడిగింది.

"రాత్రిదే, అక్కా. నువ్వు పరేషాన్ కాకు. గిది నీ ముద్దలది గాదు. దుకాణంల కొన్న కట్టె బొగ్గు. మంచిది." ఆమెకు ధైర్యం చెబుతున్నట్టు నవ్వాడు. "నీ ముద్దలు మేం ఇగ ముట్టం."

గౌరవ్వ ఆ గదిలోని మంచాలు చూసింది. ఒకదాని మీద ఒకటిగా కట్టిన మంచాలు. ప్రతిదాని మీద దిండు, మడతపెట్టిన లుంగీ, గోడకు అతికించిన పిల్లల ఫోటో.  తలుపు బార్లా తెరిచి పెట్టి బయటికి వచ్చింది.

షెడ్డు దగ్గర గులాం నబీ వచ్చి కూర్చున్నాడు. నిజామాబాద్ మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు. అందరూ ఒక చుట్టుగా సర్దుకున్నారు. రఘుపతి భార్య పక్కన నిలబడ్డాడు, దగ్గరగానే, కానీ ముట్టుకోనంత దూరంలో.

కంపెనీ తనను జవాబు అడుగుతోందని ఫోర్‌మన్ చెప్పాడు. ఆమె మీద తనకు కోపం లేదనీ, ఉన్నది ఉన్నట్టు చెబితే చాలనీ అన్నాడు.

"చెప్పు చెల్లె. ముద్దలల్ల ఏం కలిపినవ్?"

గౌరవ్వ మొగుడి వైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు. భూమేశ్ వైపు చూసింది. అతను దుప్పటి అంచు నలుపుతున్నాడు. నోట్లో సిద్ధంగా పెట్టుకున్న మాట ఎంతకీ బయటికి రాలేదు. ఆ మాట అంటే ఈ మనుషులంతా ఏమనుకుంటారు? ఆమె ముద్దలు చెడ్డవి, దుకాణం బొగ్గు మంచిది అనుకుంటారు. ఇవాళ చీకటి పడగానే ఆ ఇనుప బొచ్చెలో మళ్ళీ బొగ్గు పోస్తారు. తలుపు వేసుకుంటారు.

"ఏం కలపలే," అంది.

రఘుపతి తల ఎత్తాడు.

"బొగ్గు, గంజి, పిడికెడు బంకమన్ను. గంతే. నా ముద్దలే గాదు, దుకాణం బొగ్గు గానీ, కట్టె బొగ్గు గానీ, ఏదైనా ఒక్కటే. తలుపు ఏసి, కిటికీకి అట్ట కొట్టి, లోపల రాజేస్తే మనిషికి పీల్చ గాలి ఉండదు. పొగ కనవడదు. నిద్రొచ్చినట్టే వస్తది. గట్లనే పోతరు." పక్క గది వైపు చెయ్యి చూపించింది. "పక్క అర్రల రాత్రి బొగ్గు రాజేసిండ్రు. నేను ఇప్పుడే చూసొచ్చిన. ఆళ్ళు పొద్దుగాల లేచిండ్రంటే ఆళ్ళ అదృష్టం. నా ముద్దలు వద్దంటే వద్దు, నేను అడగ. అర్రల మాత్రం నిప్పు పెట్టకుండ్రి. మీకు దండం పెడ్త."

 ఆ పక్క గది మనిషి ముఖం మెల్లగా తెల్లబోయింది.

గులాం నబీ గడ్డం నిమురుకున్నాడు. "సరే," అన్నాడు. "మరి కుంపటి అర్రలకు ఎవరు తెచ్చిండ్రు?"

ఈ ప్రశ్న వస్తుందని గౌరవ్వ అనుకోలేదు. అనుకోవలసింది. నిజం సగం దాకా చెప్పి, మిగిలిన సగం దగ్గర ఆమె నాలుక ఆగిపోయింది.

"అది నేను చెప్ప," అంది. "నన్ను అడగకు అన్నా."

"నీకు తెలుసు."

  ఇస్రాయేలు పొయ్యి మీది డేగిశా మూత ఆవిరికి టకటకమని కొట్టుకుంటోంది.

సున్నం డబ్బా కిర్రుమంది. భూమేశ్ లేచాడు. షెడ్డు స్తంభం పట్టుకున్నాడు.

"నేనే తెచ్చిన, సాబ్. వదినె వద్దన్నది. ఇని గూడ తెచ్చిన. అట్ట గూడ నేనే కొట్టిన." ఊపిరి తీసుకున్నాడు. "ముద్దలల్ల ఏం తప్పు లేదు."

రఘుపతి ఉన్నచోటే కూలబడ్డాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఎవరో వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే తోసేశాడు.

గులాం నబీ లేచి, ముందు అన్ని గదుల కిటికీల అట్టలు పీకమన్నాడు. ఇప్పుడే, తన కళ్ళ ముందే. కుంపట్లు ఉంటే బయట పడేయమన్నాడు. కంబళ్ళ కోసం ఆఫీసులో తాను కొట్లాడతానన్నాడు. మనుషులు లేచారు. కాసేపటికి వరుస పొడవునా అట్టలు చిరిగే చప్పుడు, మేకులు రాలే చప్పుడు వినిపించాయి.

"నీ సంగతి నేను దాచలేను," అన్నాడు భూమేశ్‌తో, వెళ్ళబోతూ. "ఆఫీసుకు చెప్పాలె. ఆళ్ళు ఏమంటరో నా చేతుల లేదు."

తిరుగు దారిలో రఘుపతి ముందు నడిచాడు. గౌరవ్వ వెనక. బహ్లా కోట గోడ నీడ దాటి, తోటల మధ్య సన్నదారి ఎక్కారు. అక్కడ అతను ఆగాడు.

"వాన్ని పంపిచ్చేస్తే?"

"పంపిస్తే బతికున్నోడే గద ఇంటికి పోయేది," అంది గౌరవ్వ.

అతను ఆమెను అలాగే చూస్తూ నిలబడ్డాడు.  మళ్ళీ నడిచాడు. ఈసారి ముందుకు దూసుకుపోలేదు. ఆమె అడుగు కలిసేలా నెమ్మదిగా నడిచాడు.

*

ఆదివారం పొద్దున ముజ్నా వచ్చింది. తిప్పి పంపిన బుట్ట మళ్ళీ చేతిలో ఉంది, ఖాళీగా. క్యాంపు మాట ఊళ్ళోకి ఎలా చేరిందో గౌరవ్వకు తెలియదు. ముజ్నా నేరుగా ముద్దలు అడగలేదు. రయ్యా పక్కన కూర్చుని, కాఫీ తాగి, తమ తోటలో కూడా మట్టలు గుట్టగా పడి ఉన్నాయనీ, ఎవరైనా పట్టుకుపోతే బాగుండుననీ గాలితో చెప్పినట్టు చెప్పింది. రయ్యా నవ్వు దాచుకోవడానికి ముఖం తిప్పుకుంది.

ఆ మాటల మధ్యే గులాం నబీ పికప్ తోట ముందు ఆగింది. వెనక నుంచి భూమేశ్ దిగాడు. చేతిలో పెట్టె, చంకలో పరుపు చుట్ట.

 పంపించేస్తున్నారేమోనని గౌరవ్వ గబగబా ఎదురు వెళ్ళింది.

ఆఫీసు నుంచి ఇంకా ఏ కబురూ రాలేదని గులాం నబీయే చెప్పాడు. కొన్నాళ్ళు పరంజా కొయ్యల మీద ఎక్కి పని చేయకూడదని డాక్టర్ అన్నాడట. పని లేని మనిషిని క్యాంపులో ఉంచితే లేనిపోని ప్రశ్నలు వస్తాయట. ఇస్రాయేలుకు షెడ్డు కింద మండించుకోవడానికి ముద్దలు కావాలట, మునుపటి కంటే ఎక్కువే. కబురు వచ్చేదాకా ఇతను ఇక్కడ ఉండి ఆ పని చూస్తే రెండు విధాలా మంచిదని తనకు తోచిందట.

ఇంతలో నాసర్ బండి వచ్చి పికప్ వెనక ఆగింది. తెల్లటి దిష్‌దాషా అంగీ మడత నలగకుండా దిగి, పెట్టెనూ పరుపునూ చూశాడు. ఎవరితను అని అడిగాడు. వేరే కంపెనీ మనిషి తన తోటలో ఉంటే రేపు కాగితాల తంటా తనకే వస్తుంది. అది అక్కడున్న అందరికీ తెలుసు. గులాం నబీ అరబ్బీలో ఏదో చెప్పబోయాడు.

అతని కంటే ముందు రఘుపతి కదిలాడు. యజమాని ఎదుట సలాం తప్ప మరో మాట మాట్లాడని మనిషి. చేతులు కట్టుకుని, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ కూడబలుక్కుంటూ నిలబడ్డాడు. వీడు నా తమ్ముడన్నాడు. తప్పు వీడిదన్నాడు, వీడిని వెనకేసుకొచ్చిన తనదీ అన్నాడు. తన భార్య తప్పు ఏమీ లేదన్నాడు. ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చాడని చెప్పి, ఒక్క క్షణం ఆగి, తాను కూడా నేర్చుకుంటానన్నాడు.

గౌరవ్వ తల వంచుకుంది. ఇన్నేళ్ళలో అతను నలుగురిలో తన మాట ఎత్తడం ఆమె ఎప్పుడూ వినలేదు.

నాసర్ తల్లి వైపు చూశాడు. రయ్యా కాఫీ గిన్నెలోకి చూస్తోంది, తనకేమీ పట్టనట్టు. అతను భూమేశ్ ముందుకు వెళ్ళి చెయ్యి చాచాడు.

"బతాకా," అన్నాడు. పని కార్డు చూపించమని.

"కంపెనీ ఆఫీసుల తీస్కున్నరు," అన్నాడు భూమేశ్.  గౌరవ్వ ఆ మాట అరబ్బీలోకి మార్చి చెప్పింది.

నాసర్ గులాం నబీని అడిగి క్యాంపులో జరిగినదంతా విన్నాడు. తర్వాత గౌరవ్వ వైపు తిరిగాడు. క్యాంపులో ఏం చెప్పావు, అందరి ముందూ నువ్వేనా చెప్పింది అని అడిగాడు. ఔనంది. మళ్ళీ చెప్పగలవా అని అడిగాడు.

"ఎక్కడ?"

"వాళ్ళ ఆఫీసులో. మేనేజర్ ముందు," అన్నాడు నాసర్. "ఈ కుర్రవాడి విషయం ఇంకా తేలలేదు కదా, తేల్చకముందే వెళ్దాం. నేను తోడు వస్తాను. మాట మాత్రం నువ్వే చెప్పాలి."

ఆమె ఈ దేశం వచ్చాక ఏ ఆఫీసు గుమ్మమూ తొక్కలేదు. రఘుపతి వైపు చూసింది. అతను అప్పటికే బండి వెనక తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

గౌరవ్వ కొంగు భుజం నిండా కప్పుకుని బండి ఎక్కింది.